మందు కొడతావా?

నాకు తొందరెక్కువ. ఈ మాట మా అమ్మ అనేది, మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఆఫీసులో అందరూ అనుకుంటారు గానీ మొహం మీద అనరు, ఎందుకంటే నాకు కోపం కూడా ఎక్కువే. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చాలు, మిగతాది నేనే పూర్తి చేసేస్తాను. ఇన్నేళ్ళూ దాన్ని చురుకుదనం అనుకుని మురిసిపోయాను. ఏం చురుకుదనమో, నా మొహం!

మాది పల్నాడు. పెళ్ళయి ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆయనది ప్రభుత్వ ఉద్యోగం, శేరిలింగంపల్లిలో ఫ్లాటు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. రసాయనాల మధ్య పనిచేసేవాళ్ళ రక్తం తీసుకుని, వాళ్ళ జన్యువులు ఏమన్నా దెబ్బతిన్నాయేమో అక్కడ చూస్తారు. రక్తం తీసేది ఒక నర్సు. దాన్ని సూక్ష్మదర్శినిలో చూసేది మా డాక్టరు గారు, నాకంటే చిన్నదే, నెమ్మదైన మనిషి. ఫారం నింపడం నా పని. పేరు, వయసు, ఏం పని, ఎన్నేళ్ళ నుంచి, ఇంట్లో ఎవరికన్నా జబ్బులున్నాయా, అలవాట్లేమిటి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. నేను తెలుగులో అడిగి ఇంగ్లీషులో రాసుకుంటాను. “ఇంత ఫారం ఇంత త్వరగా ఎలా నింపుతారండీ మీరు” అని డాక్టరు గారు అన్నప్పుడల్లా పొంగిపోయేదాన్ని.

ఆ ఏడు మేం తీసుకున్నది ఐటీ ఆఫీసుల్లో పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్ళని. బొద్దింకలకి, చెదలకి, దోమలకి స్ప్రే చేసేవాళ్ళు. ఉద్యోగులు లేని శని, ఆదివారాల్లోనే వాళ్ళకి ఎక్కువ పని. అందుకని మేమూ శనివారం పొద్దున్నే ఐసుపెట్టె పట్టుకుని నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద బిల్డింగు సెల్లార్‌లో బల్ల వేసుకుని కూర్చున్నాం. అద్దాల బిల్డింగులు పైన ఎంత తళతళలాడినా సెల్లార్‌లో మాత్రం అన్నీ ఒకటే, గాలాడదు. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి చాపి, రక్తం ఇచ్చి, మేమిచ్చిన బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని వెళ్ళిపోతున్నారు.

అందరికంటే ఆఖర్న వచ్చాడు అతను. ముప్ఫై దాటి ఉండవు. సన్నటి మనిషి, నీలం చొక్కా, మెడలో దస్తీ. నర్సు సూది గుచ్చుతుంటే అటు చూడలేక నా వైపు తిరిగాడు.

“మేడం, ఈ రక్తంల అన్ని తెలుస్తయా?”

“నీకేం తెలియాలయ్యా?”

“మాకు రెండుసార్లు కడుపు నిలవలె మేడం. మూడో నెల రాంగనే పోయింది, రెండుసార్లు గట్లనే. మా అమ్మ ఆమెనే అంటది. వాడకట్టోళ్ళు గూడ ఆమెనే అంటరు. దవాఖానల చూపిస్తే ఆమెకు ఏం లేదన్నరు. మరి నా దాంట్ల ఏమన్న ఉందేమో? ఉంటె ఉన్నట్టు కాయితం మీద రాసియ్యున్రి. మా అమ్మకు చూపిస్త. ఇగ ఆమెను ఎవ్వరు ఏమనరు.”

పెళ్ళాం మీద పడ్డ నింద తన మీద వేసుకుంటానని రక్తం ఇచ్చిన మగవాణ్ణి అంతకుముందు నేను చూడలేదు. బంగారంలాంటి మనిషి అనుకున్నాను. ఆ అనుకోవడం మూడు నిమిషాలు కూడా నిలవలేదు.

ఫారంలో పదకొండో ప్రశ్న మద్యం గురించి. మద్యం సేవిస్తారా అని అడిగితే సగంమందికి అర్థం కాదని నేను మామూలు మాటల్లోనే అడుగుతాను. అలాగే అడిగాను.

“సిగరెట్ తాగుతావా?”

“లేదు మేడం.”

“మందు కొడతావా?”

నవ్వాడు. “కొట్టకుంటె ఎట్ల మేడం? రోజు కొడ్త.”

“రోజూనే! ఎంత?”

“రెండు డబ్బాలు. శనాదివారాలైతే నాలుగు గూడ ఖాళీ అయితయి.”

“ఎన్నేళ్ళ నుంచి?”

“తొమ్మిదేండ్లాయె.”

నాకు ఒళ్ళు మండింది. బీరు డబ్బాల లెక్క అంత ధీమాగా చెబుతున్నాడు! “నవ్వుతూ చెబుతావేమయ్యా, సిగ్గులేదూ? మీ ఆవిడ ఏమీ అనదా?”

“అంటది మేడం. వాసనొస్తదని దగ్గరికి రానియ్యది. తానం చేసినంకనే అన్నం పెడ్తది.”

“మరి మానెయ్యొచ్చుగా?”

“మానేస్తే ఎట్ల బతకాలె మేడం?” అన్నాడు, నన్ను వింతగా చూస్తూ.

తాగేవాళ్ళందరూ చెప్పే మాటే అనుకున్నాను. రోజూ, ఎక్కువగా, తొమ్మిదేళ్ళుగా అని ఇంగ్లీషులో రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత గీయమని నన్నెవరూ అడగలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ ఊరి యాస విన్నాను, ఆ చొక్కా చూశాను, ‘ఈ జనం తాగకుండా ఉంటారా’ అనుకున్నాను. మా అపార్ట్‌మెంట్లో మావాళ్ళం నలుగురం చేరితే ఈ ఊరివాళ్ళ గురించి అనుకునే మాటే అది. మా ఇంట్లో ఎవరూ తాగనట్టు!

కొన్ని వారాల తర్వాత డాక్టరు గారు నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. నాకు అందులో పెద్దగా తెలియదు గానీ ఆవిడ ఓపిగ్గా చెప్పారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపలి జన్యుపదార్థం ఎక్కడన్నా తెగి ఉంటే ఆ ముక్క బయటే ఉండిపోతుందట. చూశాను. దోసె పక్కన జారిన పిండి చుక్కలా, గుండ్రటి కేంద్రకం పక్కన చిన్న చుక్క. మరో కణంలో ఇంకోటి. మరోదాంట్లో రెండు.

“అందరిలోనూ ఇతనికే ఎక్కువ. కానీ రోజూ తాగుతాడని రాశారు కదండీ?”

“అవునండి. శనాదివారాలు నాలుగేసి.”

“అయితే ఈ శాంపిల్ పక్కన పెట్టేయాలి. తాగుడు వల్లో, స్ప్రే వల్లో చెప్పలేం.”

పక్కన పెట్టేశారు, బియ్యంలో రాయి ఏరేసినట్టు. కానీ రక్తం ఇచ్చిన ప్రతివాళ్ళకీ తెలుగులో ఒక ఉత్తరం ఇవ్వాలి, అది మా నియమం. ఆ ఉత్తరాలు టైపు చేసేది నేనే. అతనికి ఇలా కొట్టాను: ‘మీ రక్తకణాలలో జన్యువులకు నష్టం కనిపించింది. దీర్ఘకాలంగా ఉన్న మద్యపానం ఇందుకు కారణం కావచ్చు. మద్యం వెంటనే మానివేయవలసిందిగా సూచిస్తున్నాము.’ డాక్టరు గారు సంతకం పెట్టారు. శనివారం సెల్లార్‌కి వెళ్ళి కవరు అతని చేతికిచ్చాను. విప్పలేదు. రెండు చేతులతో తీసుకుని, మడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

“మా ఇంట్ల సదువొచ్చింది ఆమెకే మేడం. ఇంటర్ పాసైంది. ఆమెతోనే సదివిస్త.”

“చదివించు, చదివించు. ఆవిడకీ తెలియాలిగా,” అన్నాను. అంత వెటకారంగా అన్నాను ఆ మాట!

తర్వాతి శనివారం మేం వేరే బిల్డింగులో ఉంటే వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డం మాసిపోయింది, కళ్ళు పీక్కుపోయాయి. పొద్దున్నే రెండు అంతస్తుల పని ముగించుకుని వచ్చానన్నాడు.

“మేడం, నేను తాగనని రాసియ్యున్రి.”

విషయం ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వాళ్ళ మామ, అంటే ఆ అమ్మాయి తండ్రి, తాగి తాగి పోయాడట. ఆమె చిన్నప్పట్నుంచీ ఆ నరకం చూసి, తాగనివాడైతేనే చేసుకుంటానని పట్టుబట్టి ఇతన్ని చేసుకుందట. మొన్న తన తల్లిని కూర్చోబెట్టి, వినమని చెప్పి, ఉత్తరం పెళ్ళాం చేతికిచ్చాడు. ఆమె పైకి చదవడం మొదలుపెట్టి మద్యపానం దగ్గర ఆగిపోయింది. నాకు తెలియకుండా ఇన్నేళ్ళూ తాగుతున్నావా, నా ఇద్దరు పిల్లల్ని నువ్వే పొట్టన పెట్టుకున్నావా అని అడిగింది. మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుని తల్లిగారింటికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

“నేనెప్పుడు తాగిన మేడం? ఎవరు చెప్పిండ్రు మీకు?”

“ఎవరో చెప్పడమేమిటయ్యా? నీ నోటితో నువ్వే చెప్పావు. రోజూ అన్నావు, తొమ్మిదేళ్ళు అన్నావు. నేను రాసుకున్నాను.”

“నేనట్ల అనలె మేడం. మా అమ్మ మీద ఒట్టు.”

“ఒట్లు నాకెందుకు? తాగేవాళ్ళందరూ వేసేవే.”

“జర వాసన చూడున్రి మేడం,” అంటూ ముందుకు వంగి నోరు తెరిచి గాలి వదిలాడు. పాపం, ఇంకేం చేస్తాడు? అతని ఒంటి నుంచి ఘాటైన వాసనొకటి గుప్పుమంది. సారా వాసన కాదు. ఎక్కడో బాగా తెలిసిన వాసనే అనిపించింది. తెలిసిందేదో ఆలోచించి చావచ్చుగా! ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని “దూరం, దూరం” అన్నాను.

అతను వెనక్కి జరిగాడు. “తాడి చెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు మేడం. నేను చెట్టు కిందికి గూడ పోలె,” అని వెళ్ళిపోయాడు. చెట్టు నేనే నాటానని అప్పటికి నాకు తెలియదు.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం నేను పప్పులోకి పోపు పెడుతుంటే బెల్లు మోగింది. మా వాచ్‌మన్ భార్య. ప్రతి ఫ్లాటుకీ తిరిగి చెబుతోంది.

“అమ్మా, రేపు పొద్దుగాల మందు కొడ్తరు. కిటికీలు మూసుకోన్రి. పిల్లలను కిందికి పంపకున్రి.”

“సరే” అని తలుపు వేసి రెండడుగులు వేశాను. మూడో అడుగు పడలేదు.

మందు కొడతారు. దోమలకి మందు కొడతారు. బొద్దింకలకి మందు కొడతారు. రోజు కొడ్త మేడం. రెండు డబ్బాలు. వీపుకి తగిలించుకునే డబ్బాలు! తానం చేసినంకనే అన్నం పెడ్తది. మానేస్తే ఎట్ల బతకాలె మేడం?

పొయ్యి మీద పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. మా ఆయన పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపేసి “ఏమైంది, ఏమైంది” అంటున్నాడు.

ఇంకెవరన్నా పొరపడితే సరే అనుకోవచ్చు. నేను పత్తి రైతు కూతుర్ని. మా ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. “మీ నాన్న మందు కొట్టి వస్తున్నాడు, నీళ్ళు తోడవే” అని అమ్మ కేకేస్తే గంగాళంలో నీళ్ళు తోడిపెట్టేదాన్ని. నాన్న మూతికి తువ్వాలు కట్టుకుని, వీపున పంపుతో, ఒళ్ళంతా ఆ కంపుతో వచ్చేవాడు. స్నానం అయ్యేదాకా మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు, తర్వాత దగ్గరకి తీసుకుంటే సబ్బు వాసన కింద ఆ కంపు ఇంకా ఉండేది. ఆ రోజు అతని ఒంటి మీద నేను పసిగట్టలేకపోయింది మా నాన్న చొక్కా వాసన. నాన్న యాభై దాటకుండానే రక్తంలో జబ్బొచ్చి పోయాడు. ఎందుకొచ్చిందో అడిగి ఏ ఫారమూ నింపినవాళ్ళు లేరు. అలాంటిదాన్ని, ఇరవై ఏళ్ళు పట్నంలో ఉండేసరికి, మందంటే తాగుడొక్కటే గుర్తొచ్చే మనిషినైపోయాను. మా నాన్న మాటనే మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారి దగ్గరకి వెళ్ళి జరిగిందంతా చెప్పి ఏడ్చాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నీళ్ళిచ్చారు. ఫారం తీసి పదకొండో ప్రశ్న కొట్టేసి ‘లేదు’ అని రాసి పక్కన సంతకం పెట్టారు. తర్వాత కాస్త ఉత్సాహంగానే అన్నారు: “అంటే తాగుడూ లేదు, సిగరెట్టూ లేదు. తొమ్మిదేళ్ళు స్ప్రే ఒక్కటే. అయితే ఈ శాంపిల్ మనకి చాలా విలువైందండీ.” ఆవిడ మంచిదే, ఆవిడ పని అది. అయినా ఆ క్షణాన ఆవిడ మీద నాకు అసహ్యం పుట్టింది, నా మీద అంతకంటే ఎక్కువగా.

కొత్త ఉత్తరం నేనే కొట్టాను. మద్యం అలవాటు లేదని, గతంలో రాసినది మా పొరపాటని, జన్యువుల నష్టానికి మీరు వాడే రసాయనాలు కారణం కావచ్చునని, మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరని, వీలైతే పని మార్చుకోవాలని. గర్భం నిలవకపోవడానికి ఇదే కారణమని గట్టిగా చెప్పలేమని, కాదనీ చెప్పలేమని కూడా డాక్టరు గారు రాయించారు.

అది పట్టుకుని నానక్‌రామ్‌గూడ వెళ్ళి, అతన్ని వెతికి పట్టుకుని, చేతులు జోడించి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

“గా మందా మేడం! గా మందనుకున్నరా మీరు!” నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చి, డబ్బా కిందపెట్టి మెట్ల మీద కూలబడ్డాడు. ఆ నీళ్ళు ఎంతకీ ఆగలేదు. దస్తీతో మొహం తుడుచుకుని, “ఆమెకు జెప్పున్రి మేడం. మీరే పోయి జెప్పున్రి. నా మాట ఇంటలేదు,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి తల్లిగారింటికి బయల్దేరాను. శంకర్‌పల్లి దాటాక చిన్న పల్లె. ఇంటి ముందు అరుగు మీద వాళ్ళమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేనెవరో చెప్పగానే లోపలికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి మంచం మీద పడుకుని ఉంది. మొహం పాలిపోయి ఉంది, మందపాటి దుప్పటి గుండెల దాకా కప్పారు. నాకు విషయం అర్థమైంది. నేనూ ఇద్దర్ని కన్నదాన్నే.

“ఎన్నో నెలమ్మా?” అన్నాను.

“మూడోది,” అంది వాళ్ళమ్మ. “ఈడికొచ్చిన నాలుగొద్దులకే పోయింది. అల్లునికి తెల్వదు. ఈసారి నిలవడ్డంకనే చెప్తనని దాస్కున్నదంట.”

నా దగ్గర ఉన్నది ఒక్క కాగితం. ఇచ్చాను. ఆమె లేచి కూర్చుని చదివింది, మొదటిసారి గబగబా, రెండోసారి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి. ‘మద్యం అలవాటు లేదు’ దగ్గర వేలు ఆగిపోయింది. “లేదంట అమ్మా,” అంది తల్లితో. “ఆయన అబద్ధమాడలె.”

“ఆడలేదమ్మా. తప్పు నాది. మందు కొడతావా అని నేనడిగాను. తన పని గురించి అడుగుతున్నానని అతను అనుకున్నాడు.”

కోప్పడుతుందని చూశాను. ఆమె దృష్టి నా మీద లేదు, కాగితం మీదే ఉంది.

“మరి తాగకుంటె రక్తం ఎందుకు ఖరాబైంది? ఈ కొట్టే మందుతోనా?”

“కావచ్చమ్మా.”

ఆమె కాగితం మడుస్తూ నెమ్మదిగా అంది.

“తాగుడైతే మాన్పిద్దును మేడం. మా నాయినను మాన్పియ్యలేకపోయిన గని ఈయనను మాన్పిద్దును. కాళ్ళు మొక్కన్న, కొట్లాడన్న మాన్పిద్దును. ఈ మందు ఎట్ల మాన్పియ్యాలె? ఈ పని ఇడిస్తే ఇంకేం పనిస్తరు ఆయనకు?”

ఎదుటివాళ్ళ మాటలన్నీ పూర్తిచేసే నేను సంచి తీసుకుని లేచాను. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, “ఇది పోయిందని ఆయనకు చెప్పకున్రి. ఓర్సుకోలేడు,” అంది. తల ఊపాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఏడ్చాను. పక్కనావిడ “ఏంది, ఎవరన్న పోయిండ్రా?” అని అడిగింది. అవునన్నాను.

వారం తిరక్కుండా ఆమె నానక్‌రామ్‌గూడలో తమ ఇంటికి తిరిగొచ్చేసింది. నెల తర్వాత ఒక శనివారం అటువైపు పని పడి వాళ్ళ సెల్లార్‌కి వెళ్ళాను. మా డాక్టరు గారు ఇప్పించిన మాస్కు అతని మెడలో వేలాడుతోంది. అది మూతికి ఉండాలని కేకలేశాను.

“ఊపిరాడదక్కా,” అన్నాడు. మేడం పోయి అక్క వచ్చింది, ఆ పిలుపుకి నేను తగుదునో లేదో నాకు తెలియదు. “ఏం జెప్పిండ్రో గని, మీరు పోయొచ్చినంక ఆమె ఒక్క మాటనకుంట ఒచ్చేసింది. మా అమ్మ గూడ ఇప్పుడు ఆమెను ఏమనదు. ఈసారి నిలవడ్తది అక్కా, సూస్తుండున్రి.”

“నిలబడాలి,” అన్నాను. పోయిన మూడోది నాకు తెలుసు, అతనికి తెలియదు.

అతను వంగి డబ్బా ఎత్తి వీపుకి తగిలించుకున్నాడు. ఒక పట్టీ మెలిపడితే నేనే సరిచేశాను. మా అమ్మ మా నాన్నకి అలాగే సరిచేసేది.

“పోకున్రి అక్కా, చాయ్ తాగి పోదురు,” అన్నాడు లిఫ్టు బటన్ నొక్కుతూ. “పైన రెండు ఫ్లోర్లే ఉన్నయి. మందు కొట్టొస్త.”